మావయ్య అరచెయ్యి

మా మావయ్య పోయారు. ఆ పొద్దున అత్తయ్య ఫోన్ చేసి, "అమ్మాయ్, మావయ్య లేవట్లేదే" అంది. మా వీధి చివరే వాళ్లిల్లు. నేను వెళ్లేసరికి ఆవిడ ఆయన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్షవాతం వచ్చిన చెయ్యి అది. రోజూ నూనె రాయడం అలవాటైపోయి, ఆ పూట కూడా రాస్తూనే ఉంది.

ఆయన మా అమ్మకు అన్నయ్య. బెజవాడ ఆటోనగర్‌లో ఫైబర్ బాడీలకు చిల్లులు పూడ్చే షెడ్డు ఆయనది. ఇనుప బాడీ సొట్టపడితే సుత్తితో సరిచేసేవాళ్లు అక్కడ అడుగడుగునా ఉంటారు. ఫైబర్‌ని కొడితే పగులుతుంది. అందుకని జీపు టాపులు, బస్సుల ముందు భాగాలు, ఎవరూ ముట్టుకోని పాత కార్లు తిరిగి తిరిగి ఈయన దగ్గరికే వచ్చేవి.

పనికి ముందు చేతులకూ మెడకూ పౌడరు దట్టంగా పట్టించేవారు, ఫైబర్ నూగు ఒంట్లో దిగకుండా. "పెళ్లికొడుకు బయల్దేరాడు" అని అత్తయ్య ఆటపట్టించేది. సాయంత్రం ఎంత చలైనా చన్నీళ్లే. వేణ్ణీళ్లు పోసుకుంటే నూగు ఇంకా లోపలికి పోతుందట. ఇన్ని జాగ్రత్తలూ చర్మానికే. బీపీ మాత్ర మాత్రం గుర్తొస్తే వేసుకునేవారు, లేకపోతే లేదు. చెప్పీ చెప్పీ మా నోళ్లు పడిపోయాయి. ఇప్పుడది తలుచుకుంటే ఆయన మీద కోపం వస్తుంది. పోయినవాళ్ల మీద వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు.

చిల్లు ఎంత చిన్నదైనా ఆయన ముందు దాన్ని పెద్దది చేసేవారు. కారు తెచ్చినవాళ్లు లబోదిబోమనేవారు. "చిల్లుదేముందండీ, దాని చుట్టూ ఎందాకా చచ్చిందో అది చూడాలి" అని ఆయన పని ఆపేవారు కాదు. గట్టి ఫైబర్ తగిలేదాకా అరగదీసి, వెనకవైపు నుంచి గాజునార గుడ్డలాంటి మ్యాట్ ముక్కలు రెజిన్ జిగురుతో అతికించి, ముందు పుట్టీ పెట్టి, నీళ్లు చల్లుకుంటూ ఎమ్రీ కాగితంతో రుద్దేవారు. చివర్న కళ్లు మూసుకుని అరచెయ్యి ఆనించి అటూ ఇటూ జరిపేవారు. "కన్ను సర్దుకుపోద్దే. చెయ్యి సర్దుకోదు" అనేవారు నాతో.

ఆ చేతినే పక్షవాతం పట్టుకుపోయింది. ఎడమ చెయ్యి బాగానే ఉంది కానీ, తర్వాత షెడ్డుకి తీసుకెళ్లినప్పుడు దాన్ని కారు మీద ఆనించి చూసి, "ఇది నా చెయ్యి కాదు" అని తీసేశారు.

అప్పటికి షెడ్డులో పామర్రు ఆసామి కారొకటి ఉంది. చిన్న ఫైబర్ బాడీ కారు. దాన్ని తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ముందు చక్రం పైన రాయి ఎగిరి తగిలి చిల్లు పడింది. వేరేచోట చేయించుకోండని అత్తయ్య చెబితే ఆ పెద్దమనిషి ఒప్పుకోలేదు. "మీరు లేచాకేనండీ. నాకేం తొందర లేదు" అని మావయ్య మంచం పక్కన కూర్చుని బతిమాలారు. ఆ మాట మావయ్య మనసులో పడిపోయింది. ఆ ఒక్క కారూ పూర్తిచేసి పంపాలని పట్టుపట్టారు.

నేను కూచిపూడి నేర్చుకునే పిల్లలకు నాట్యం డ్రెస్సులు కుడతాను. "నువ్వు గుడ్డ తెలిసినదానివి. మ్యాటూ గుడ్డే, రా" అన్నారు. షెడ్డుకి తీసుకెళ్లి మడతకుర్చీలో కూర్చోబెట్టాం. ఆయన చెబుతుంటే నేను చేశాను. మొదటిసారి రెజిన్‌ని గట్టిపరిచే హార్డ్‌నర్ కలిపాక మ్యాట్ ముక్క సరిపోతుందో లేదో చూసుకుంటూ కూర్చున్నాను. ఈలోగా గిన్నెలో రెజిన్ పొగలు కక్కి బ్రష్షుతో సహా బిగిసిపోయింది. మావయ్య వంకరపోయిన మూతితోనే నవ్వారు. "కలిపాక అది మన మాట వినదే. మనమే దాని మాట వినాలి."

రెండోసారి అతికింది. పుట్టీ పెట్టాను, రుద్దాను.

"కళ్లు మూసుకో. చెయ్యి ఆనించు. ఏం తగిలింది?"

"ఏం తగల్లేదు మావయ్యా. నున్నగా ఉంది."

"చక్రం వైపు తక్కువ రుద్దావు. అక్కడ అంచు మిగిలే ఉంటుంది. మళ్లీ చూడు."

మళ్లీ చూశాను. ఎన్నిసార్లు చూసినా నా చేతికి నున్నగానే ఉంది. అప్పుడాయన తన కుడిచేతిని ఎత్తి దాని మీద పెట్టమన్నారు. రెండు చేతులతో పట్టుకుని ఎత్తాను. బరువుగా, చల్లగా ఉంది. ఆయన కళ్లు మూసుకున్నారు. నేను మెల్లగా అటూ ఇటూ జరిపాను. చాలాసేపు జరిపాను.

"నాకూ తగల్లా" అన్నారు.

ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఏం చెయ్యాలో తెలియక ఆ చేతిని అలాగే పట్టుకుని నిలబడ్డాను. మళ్లీ షెడ్డుకి తీసుకెళ్లమని ఆయన అడగలేదు, తీసుకెళతానని నేనూ అనలేదు. తర్వాత ఎంతోకాలం బతకలేదు.

ఆయన పోయారని పామర్రు ఫోన్ చేస్తే, ఆసామి మొదట అన్నమాట, "మరి నా కారెవరు చూస్తారండీ" అని. వెంటనే తానన్నది తనకే వినబడి, ఫోన్లో భోరుమన్నారు. ఆయన్ని తప్పుపట్టబుద్ధి కాలేదు. నేనూ మనసులో అలాంటి ప్రశ్నలే వేసుకుంటున్నాను.

పెద్దకర్మ అయ్యాక, షెడ్డు ఖాళీ చేస్తున్నామని తెలిసి ఆసామి కారు తీసుకెళ్లడానికి వచ్చారు. రంగు వెయ్యని ఆ పుట్టీ మచ్చ చూసి, "ఉండనివ్వండి, ఆయన గుర్తు" అన్నారు. ఆయన కారు తలుపు తీయబోతుంటే, ఒక్క నిమిషమని ఊరికే చెయ్యి ఆనించాను. ఎందుకో కళ్లు మూసుకున్నాను.

చక్రం వైపు, దారం కన్నా సన్నగా, అంచు తగిలింది. ఆ రోజెందుకు తగల్లేదో నాకు తెలియదు.

"తగిలింది మావయ్యా" అంటూ వెనక్కి తిరిగాను. ఆయన కూర్చున్న కుర్చీ గోడవారగా మడతపెట్టి ఉంది. ఆసామి తాళాలు పట్టుకుని నా ముఖంలోకి చూస్తున్నారు. నా చెయ్యి ఇంకా ఆ అంచు మీదే ఉంది.