ఉపవాసంతో సూదులకు

మా ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్. హార్మోన్ ఇంజెక్షన్లు మొదలైనప్పటి నుంచి ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేదు, మాటా తగ్గిపోయింది. మగ్గం ముందు కూర్చుని ఊరికే గోడ చూసేవారు. మనసు కుంగిందని, మందులతో పాటు సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ వైద్యం కూడా చేయించి చూడమని క్యాన్సర్ డాక్టరే చెప్పారు.

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ బస్సెక్కిన రోజు ఆయన తెల్లారే తలస్నానం చేసి, విభూతి పెట్టుకుని, కాఫీ కూడా వద్దన్నారు. వయసులో ఉండగా విరుదునగర్ మారియమ్మ అమ్మవారికి మొక్కుకుని, ఉపవాసం ఉండి బుగ్గకు శూలం గుచ్చుకున్న మనిషి. ఒంట్లో సూది దిగాలంటే ఉపవాసం ఉండాలనే ఆయన లెక్క. నాకూ సరే అనిపించింది.

"ఏం తిన్నారయ్యా?" అని అడిగింది సూదులు పెట్టే డాక్టరమ్మ. సంగతి విని నవ్వలేదు. "ఖాళీ కడుపుతో గుచ్చితే కళ్లు తిరుగుతాయి. ముందు పోయి తిని రండి" అంది.

ఎదురు హోటల్లో ఆయన ఇడ్లీలు మారు వేయించుకున్నారు. చెయ్యి కడుక్కుంటూ, "మారియమ్మ కంటే ఈ అమ్మే నయం, తిన్నాకే పొడుస్తానంటోంది" అన్నారు.

ఎన్ని నెలలకో ఆయన నోట వచ్చిన వేళాకోళం అది. సూదులింకా పడనే లేదు. అయినా ఆ డాక్టరమ్మకూ, ఇడ్లీ వడ్డించిన చేతికీ, తన మీద మాట పడ్డా ఊరుకున్న మా మారియమ్మ తల్లికీ మనసులోనే దండం పెట్టుకున్నాను.