సున్నా పవర్‌తో ఆఖరి వరుస చదివిన పాప

2022. నంద్యాల జిల్లాకేంద్రమైన ఏడాది. ఊరికి కలెక్టరు వచ్చాడు, కొత్త బోర్డులు వచ్చాయి. ట్రాఫిక్ మాత్రం అందరికంటే ముందే వచ్చి మంచి చోటు చూసుకుని కూర్చుంది. బస్టాండు దగ్గరి సందులో నా కళ్లజోళ్ల అంగడి. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో పరీక్ష. ఆ వెనక గది ఎంత చిన్నదంటే, ఎవరైనా గట్టిగా తుమ్మితే చార్టు మీది అక్షరాలు చోటు మారతాయి. నేను ఆప్టోమెట్రిస్టును. అంటే చూపు కొలిచి అద్దం పవర్ చెప్పేవాణ్ణి, కంటి డాక్టర్ని కాను. ఈ తేడా చెప్పీ చెప్పీ నా గొంతు సగం అరిగిపోయింది. లైటార్పి కంట్లో టార్చి కొట్టేవాడెవడైనా మా ఊళ్లో డాక్టరే.

ఆ వానాకాలంలో ఆళ్లగడ్డ నుంచి సుబ్బయ్య శెట్టి వచ్చాడు. కిరాణా వ్యాపారి. మనిషి కంటే ముందు గొంతు వస్తుంది. ఆయన ఆళ్లగడ్డలో దగ్గితే మహానందిలో పూజారి వెనక్కి తిరిగి చూస్తాడని నా అనుమానం. వెంట ఏడో తరగతి చదివే కూతురు హాసిని.

"సార్, పాపకు బోర్డు కనపడ్డంల్యా. మంచి అద్దాలెయ్యి, దుడ్లకు యెనకాడొద్దు," అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ముందు గదిలో కూర్చున్న వాళ్లవైపు తిరిగాడు. "మొన్నటి దాంకా క్లాసులో మూడో ర్యాంకప్పా! ఇప్పుడు పదారు! కండ్లు కనపడకుంటే ఏం చదువుతాది?"

ముందు గది మొత్తం ఒక్క గొంతుతో "అయ్యో" అంది. చత్వారం అద్దాలకొచ్చిన పెద్దాయన తన బాధ పక్కనబెట్టి, "మూడు యాడ, పదారు యాడ!" అని నిట్టూర్చాడు. పాప గచ్చు వైపు చూస్తూ నిలబడింది. గోళ్లు అయిపోయి, కొరకడం వేలి చర్మం దాకా వచ్చింది.

లోపల కూర్చోబెట్టి రెటినోస్కోపీ చేశాను. కంట్లోకి వెలుగు పంపి, తిరిగొచ్చే మెరుపు కదలికను బట్టి పవర్ లెక్కకట్టే పద్ధతి అది. మనిషి నోరు విప్పనక్కర్లేదు, కన్నే సాక్ష్యం చెబుతుంది. హాసిని కళ్లకు పవర్ లేదని సాక్ష్యం వచ్చింది. చార్టు చదవమంటే మాత్రం రెండో వరుస దగ్గరే ఆగిపోయింది.

"అలుక్కపోయినట్టుండాది సార్."

ట్రయల్ ఫ్రేమ్ తగిలించాను. అద్దాలు మార్చి మార్చి పెట్టే గుండ్రటి ఇనుప చట్రం అది. పెట్టుకుంటే ఎంతటి అందగాడైనా బోరు మోటారు బాగుచేసేవాడిలా కనిపిస్తాడు. అందులో ఒక ప్లస్ అద్దం, దాని మీద అంతే పవరున్న మైనస్ అద్దం వేశాను. ఒకటి పెట్టినదాన్ని ఇంకొకటి తీసేస్తుంది. రెండూ కలిస్తే ఉత్త కిటికీ అద్దం.

"ఇప్పుడు చూడు తల్లీ."

ఆఖరి వరుస దాకా గడగడా చదివేసింది. ఇంకాసేపు వదిలితే చార్టు అచ్చేసిన ప్రెస్సువాడి ఇంటిపేరు కూడా చదివేదే. "ఇదే అద్దం సార్! ఇదే ఇయ్యండి!" అని మొదటిసారి నవ్వింది.

మా వృత్తిలో దీన్ని ఫంక్షనల్ విజన్ లాస్ అంటారు. కన్ను బాగుంటుంది, చూపు మసకబారుతుంది. చాలాకాలంగా మనసు మీద మోత పడిన పిల్లల్లో చూస్తుంటాం. నటన కాదు, వాళ్లకు నిజంగానే కనపడదు. కానీ ఆ మాట తొందరపడి అనకూడదు. ముందు కంటి డాక్టరు దగ్గరికి పంపాను. ఆయన చుక్కలు వేసి లోపలి పొర, నరం అన్నీ చూసి ఏ లోపమూ లేదన్నాడు. తండ్రీ కూతుళ్లు మళ్లీ నా దగ్గరికొచ్చారు.

శెట్టి ముఖం ఎర్రగా ఉంది. "కండ్లు బాగుండాయంట! అంటే ఇన్నాళ్లూ నాటకాలాడతాండావా? రేపే కర్నూలు హాస్టల్లో యేస్తా. వాళ్లే తెరిపిస్తారు కండ్లు!"

చెయ్యి లేచింది. పాప గోడకు అతుక్కుపోయింది. నేను ఒక్క మాట తేడాగా అంటే పాప హాస్టలుకు పోతుంది, మసక కూడా పెట్టె సర్దుకుని వెంటపోతుంది.

"అన్నా, చెయ్యి దించు. పాప అబద్ధమాడ్డంల్యా. ఆ మాట నేను రాసిస్తా. నువ్వు పోయి టీ తాగిరా," అని బయటికి పంపాను.

"మసక ఎప్పుడొస్తాది తల్లీ?"

"బోర్డు మీద వారం టెస్టు ర్యాంకులు రాసేటప్పుడు." వేలు కొరుక్కుంటూ, "అంగట్లో గూడా," అంది.

"అంగట్లో నీకేం పని?"

"నాయన గల్లాకాడ కూచోబెడతాడు. వచ్చినోళ్లకంతా ర్యాంకు చెప్తాడు. మళ్లా వారం వాళ్లే అడుగుతారు. పదారొచ్చినాంక చింతపండుకొచ్చిన అవ్వ గూడా 'ఏమైంది పాపా' అనె."

"పొద్దున్నే కడుపు నొస్తాదా?"

తలెత్తింది. "మీకెట్ల తెలుసు?"

శెట్టి అంగట్లో కందిపప్పుతో పాటు కూతురి ర్యాంకు కూడా పొట్లం కట్టి ఇస్తున్నారన్నమాట. ఇందులో దుర్మార్గమేమీ లేదు. మేలురకం సరుకును నలుగురికీ కనిపించేలా ముందు పెట్టడం వాళ్ల తాతలనాటి అలవాటు. ఆయన కూతుర్నీ అలాగే ముందు పెట్టాడు.

టీ తాగి వచ్చాక అడిగాను. "అన్నా, మీ అంగడికి బియ్యం బస్తాలు ఎవరు దించుతారు?"

"హమాలీలు. యాం?"

"లారీకాడి నుంచి లోపలికి మోస్తే ఏమన్నా అయితాదా?"

"ఏమయితాది? మోసేకొద్దీ కండ గట్టిపడతాది."

"దించొద్దప్పా, రేపటి దాంకా భుజం మీదే పెట్టుకో అంటే?"

"యెర్రి మాటలు! నడుం ఇరుగుతాది."

"పాప బస్తా దించి ఎన్నాళ్లయింది?"

శెట్టి గొంతు తగ్గించాడు. ఆళ్లగడ్డ చరిత్రలో అదే మొదటిసారి అయ్యుండాలి. "గొప్పకే గదా సార్ చెప్పుకుంటి. పిల్లంటే పానం," అన్నాడు. గొంతు మామూలు మనిషి గొంతులా ఉంది.

పరీక్ష భయం పరీక్షతో పోతే మంచిదే, పిల్లల్ని చురుగ్గా ఉంచుతుంది. అది నెలల తరబడి దిగకుండా ఉంటే నిద్ర, ఆకలి, జ్ఞాపకం ఒక్కొక్కటే దెబ్బతింటాయి. చివరికి ఏ చదువు కోసం ఇదంతా చేశామో ఆ చదువే పోతుంది. అదే ఆయనకు చెప్పాను. అంగట్లో ర్యాంకు మాటెత్తొద్దు. రోజూ సాయంత్రం పుస్తకం ఊసు లేకుండా ఆడుకోనీ. పడుకునే వేళ తప్పనీయొద్దు. అన్నం దగ్గర మార్కులు తప్ప ఇంకేదైనా అడుగు. టీచరుతో మాట్లాడు. తగ్గకుంటే పిల్లల మనసు చూసే డాక్టరు దగ్గరికి పోదాం, అందులో సిగ్గేమీ లేదు. పాపకు కూడా చెప్పాను: "నీ కండ్లు బాగుండాయి తల్లీ. మసకొస్తే బెదరొద్దు, అదే పోతాది." అద్దాలు ఇవ్వలేదు.

దసరా దాటాక అహోబిలం పోతూ ఆళ్లగడ్డలో దిగాను. అంగట్లో ఒక అవ్వ చింతపండు తూకం వేయించుకుంటూ, "ఏం శెట్టీ, పాప ర్యాంకు చెప్పకపోతివే?" అంది.

శెట్టి నోరు తెరిచాడు, మూశాడు. అవుకు రిజర్వాయరుకు గేట్లన్నీ దించినా ఒక మూల నుంచి నీళ్లు చిమ్ముతున్నట్టు పెదవి చివర ఏదో వణికింది. "చింతపండు కొత్తదవ్వా. దాని సంగతడుగు," అన్నాడు. తర్వాత నాకు రహస్యంగా, అంటే బస్టాండు దాకా వినిపించేలా చెప్పాడు: "రెండు తూర్లు నోరు జారినా సార్. మా ఇంటామె తూకంరాయి చేతికి తీసుకునె."

"మసక?"

"టెస్టు రోజు ఒగోసారి వస్తాదంట, పోతాదంట. పొద్దున ఇడ్లీలు మాత్రం తింటాండాది. కర్నూలు మాట ఎత్తను సార్."

అంతలో సందు చివర షటిల్ ఆడుతున్న పిల్లల్లోంచి ఒక కేక. "సార్! మీ చొక్కాకు గుండీ ఊడిపోయింది!"

చూసుకుంటే నిజమే. బజారు బజారంతా చూసింది.

"యాం కండ్లు సార్ మా పాపవి!" శెట్టి ఛాతీ గల్లాపెట్టె దాటి ముందుకొచ్చింది. "క్లాసులో..." అని నాలుక కరుచుకున్నాడు.

ఆ కేసు తర్వాత పిల్లల విషయంలో నా పద్ధతి మారింది. చార్టు లైటు వేయకముందే, "నిన్న సాయంత్రం ఏం ఆడినావ్?" అని అడుగుతాను. గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్లకు పవర్ చూసి పంపేస్తాను. కొందరు జవాబు చెప్పేముందు అమ్మానాన్నల ముఖం చూస్తారు. అప్పుడు పరీక్ష కుర్చీలోంచి పిల్లను దింపి, ముందు పెద్దవాళ్లను అందులో కూర్చోబెడతాను.