మళ్ల సూడు

నిజామాబాద్‌లో నేను బొమ్మల డిగ్రీ చదివిన ఏళ్లన్నీ డ్రాయింగ్ సారు నోట విన్నది ఒక్కటే మాట. మన కాగితం దగ్గరికొచ్చి, తల పక్కకు వంచి, పెన్సిల్ వెనకవైపు మొద్దు కొసతో అంచు మీద రెండుసార్లు కొట్టి, "మళ్ల సూడు" అనేవాడు. తప్పేమిటో చెప్పకుండానే పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయేవాడు.

ఒకసారి మా ఇంటి దగ్గరి వస్తువేదైనా ఫోను చూడకుండా, గుర్తున్నట్టు వేయమన్నాడు. మాది బోధన్ పక్క ఊరు. చెరుకు గడ వేశాను. మూడు వారాల్లో పదకొండు కాగితాలు వేసినా అదే మాట. ఎదురుగా లేని చెరుకును మళ్లీ ఎట్లా చూడాలి? ఒళ్లు మండిపోయింది.

ఆదివారం ఇంటికెళ్లి కాగితాలన్నీ విసిరికొట్టాను. బాపు ఒకటి తీసి చూశాడు.

"కణుపులన్ని ఒక్క తీరుగున్నయేంది బిడ్డా? నీళ్లు తప్పిన నెలల దగ్గరదగ్గర పడ్తయి గద. నీ చెరుకుకు ఎండకాలమే రాలె."

సోమవారం సారును నిలదీశాను. "గీ ముక్క మీరే ముందు చెప్తే అయిపోతుండె గద సార్."

"నాకెట్ల తెలుస్తదమ్మా? నేనెన్నడు చెరుకు తోటల అడుగు పెట్టలె. బొమ్మల ఏదో అబద్ధం కనబడ్డది, గంతే" అన్నాడాయన. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. "మీ బాపు ఏమన్నడో మళ్ల చెప్పు."

కోపంగానే చెప్పాను. ఆయన ఆ పెన్సిల్ మొనతో రాసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.