మంచునీళ్లలో తోడు నిలబడినవాడు

సాలూరు బస్సులో నా పక్కన ఓ వెల్డరు కూర్చున్నాడు. భోగాపురం దగ్గర మత్స్యకారుల ఇంటివాడు. దారిలో గుడి కనబడగానే బస్సులో అందరూ దణ్ణం పెట్టుకున్నారు. నేను పెట్టలేదు.

"నమ్మకం నేదా బాబూ?" అన్నాడు.

లేదన్నాను. నెల్లూరు నుంచి ఇంతదూరం వచ్చి వాదించే ఓపిక నాకు లేదు. ఆయన వాదించనే లేదు.

నార్వేలో ఓడలు కట్టేచోట పనిచేసి వచ్చాడట. "అక్కడ సానామంది దేవుడి మాటే ఎత్తరు. పాపభయం నేదు, ఈళ్ల మధ్య ఎలాగ బతకడమని మొదట్లో బెదిరిపోయాను. మాయమ్మ పోయినప్పుడు రాడానికి అవనేదు. అక్కడే సముద్రంలో దిగి తర్పణం వదుల్తంటే, ఏ దేవుణ్ణీ నమ్మని మా మేస్త్రీ నాతోపాటు ఆ మంచునీళ్లలో నిలబడ్డాడు. నువ్వెందుకొచ్చినావంటే, 'పోయింది మీ అమ్మ కదా' అన్నాడు."

చేతిలోని టిక్కెట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మా పాప పెళ్లి సేసుకుంటానన్న కుర్రోడు గుడికి రాడు. అందుకే అప్పట్లో వద్దన్నాను. పాప నాతో మాటాడ్డం మానేసింది. ఇప్పుడు గజపతినగరంలో ఆ కుర్రోడింటికే యెల్తన్నాను."

"ఏమడుగుతారు?"

"దేవుడి సంగతి అడగను. మా పిల్లకి కష్టమొస్తే పక్కన నిలబడతావా అనడుగుతాను."

నమ్మకం ఎందుకు లేదని నన్ను చాలామంది అడిగారు. ఈ మాట మాత్రం ఎవరూ అడగలేదు. ఆయన దిగిపోయాక నన్ను నేనే అడిగి చూసుకున్నాను.