పదో వాకిలి

తత్వం అనే మాటకు పుంగనూరు వైపు ఒకటే అర్థం. చావింట్లో శవం పక్కన కూర్చుని, తంబూర మీటుతూ పాడేది. అదొక శాస్త్రమనీ, ఎం.ఏ. పేరుతో చదువుతారనీ ఆదెప్పకు, కూతురు శ్రుతి కుప్పం యూనివర్సిటీలో చేరిందాకా తెలియదు.

ఆదెప్ప మదనపల్లె మార్కెట్లో టమోటాలు ఏరతాడు. పండినవి దగ్గరి ఊళ్లకు, దోరవి దూరం పోయే లారీకి. టమోటా జాతకం విచిత్రమైనది, పచ్చిగా ఉన్నదే దేశాలు చూస్తుంది. చావు కబురొస్తే మాత్రం బుట్టలు వదిలి తంబూర ఎత్తుకునేవాడు.

భార్య సిద్దమ్మ పోయిననాడు వేరే పాటగాడు దొరక్క తానే పాడాడు. తొమ్మిది వాకిళ్ల కొంప విడిచి పదో వాకిట్లోంచి పోయినావా అన్న చోట పాట ఆపేశాడు. ఎందరి చావుల్లోనో నోరారా పాడిన మాటే. ఆ పదో వాకిలి ఎక్కడుందో, దాటితే ఏముందో తనకు తెలియదని అప్పుడే తట్టింది. మళ్లీ పాడలేదు.

ఇంగ్లీషులో సీటు రాక శ్రుతికి తత్వశాస్త్రంలో వచ్చింది. ఆదెప్ప మాత్రం అది సిద్దమ్మే ఇప్పించిందనుకున్నాడు. "ఆ పదో వాకిలి ఏడుందో ఆడ కనుక్కోని సెప్పు తల్లీ. అప్పుడు పాడతా."

అప్పటినుంచీ ఆదివారం ఆదివారం తంబూర తుడిచి, తీగెలు బిగించి, సిద్ధంగా పెట్టేవాడు.

"ఏం ఆదెప్పన్నా, పాప వచ్చి మా చావుకు పాడతాదా?" అని మార్కెట్లో తనతోపాటు టమోటాలు ఏరే అలావుద్దీన్ ఎకసెక్కం.

"నీ చావుకు ఫాతిహా సదివేవాళ్లు ఉండారు కదప్పా, నీకేల తొందర?"

శ్రుతి ఇంటికొచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "వచ్చిందా ఆ పాఠం?"

"ఇంకా లేదు నాయనా. ఇప్పుడు జర్మనీవాళ్ల పాఠాలు జరగతాండాయి."

"జర్మనీ దాకా పోయినారంటే దారిలోనే ఉంటాదిలే."

చివరి పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం ఆమె బ్యాగు కూడా దించలేదు.

"నాయనా, ఆ పాఠం లేదు."

"లేదంటే?"

"ఒకరు పదకొండు వాకిళ్లు అన్నారు. ఒకరు వాకిలే లేదన్నారు. ఇంకొకరు ఇల్లే లేదన్నారు. సూసొచ్చి సెప్పినోళ్లు ఎవురూ లేరు."

"ఇది నీకు ఎప్పుడు తెలిసె?"

"మొదట్లోనే. అడిగినప్పుడంతా నీ మొగం సూసి సెప్పలేకపోతి."

ఆదెప్ప వీధిలోకి చూశాడు. "పాఠం ఇంకా రాలేదేమో అనుకుంటాంటినమ్మా," అన్నాడు. కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండునని శ్రుతికి అనిపించింది.

తర్వాత లేచి తంబూర ఒళ్లో పెట్టుకున్నాడు. పాడతాడేమోనని ఆమె దగ్గరికొచ్చి కూర్చుంది. ఆయన బిరడాలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతున్నాడు. తీగెలు సడలి, మూలిగి, ఊరుకున్నాయి.

"యాల నాయనా వదులు చేస్తాండావు?"

"ఎవురూ వాయించనిది బిగిచ్చి పెడితే తెగిపోతాదమ్మా."

తంబూరకు గుడ్డ చుట్టాడు, సిద్దమ్మ పాత చీరలోంచి చించిన గుడ్డ.