రొట్టె వేడి ఆరేలోగా బెంగళూరు

పెద్దమ్మ ఇక లేదు.

నిన్న మధ్యాహ్నం బస్సు గుంతకల్లు దాటాక పెద్దమ్మ కొడుకు, మా అన్న ఫోన్ చేశాడు. "పాపా, అమ్మ పోయింది" అన్నాడు. "ఆదోని దగ్గరికొచ్చేశా అన్నా, వచ్చేశా" అంటూనే ఉన్నాను నేను. వాడన్నది చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

ఇప్పటికీ ఎక్కట్లేదు.

మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది మా పెద్దమ్మ ఉరుకుందమ్మే. ఎమ్మిగనూరు పక్కన పల్లె మాది. వాన లేని ఏడు గుంటూరుకు సుగ్గికి, అంటే మిరపకాయల కోతకు, లారీలో పోయేవాళ్లం. నేను ఆమె ఒళ్లో.

పెద్దమ్మకు కిలోమీటర్లు తెలీవు. దూరాన్ని జొన్నరొట్టెలతో కొలిచేది. ఆదోనికి రొట్టె అక్కర్లేదు. కర్నూలు పెద్దాసుపత్రికి ఒక పూట రొట్టె. గుంటూరుకు రెండు పూటలవి.

నాకు బెంగళూరులో జాబ్ వచ్చినప్పుడు పెద్దమ్మ ఒకటే దిగులు పడింది. నేనూ ఫోన్లో రోజూ ఏడ్చేదాన్ని.

అందుకే పోయిన ఏడాది కర్నూలు దగ్గరి ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్ నుంచి ఆమెను ఫ్లైట్‌లో బెంగళూరుకు తీసుకెళ్లాను. విమానమంటే ఎంత దూరమో అనుకుని రెండు పూటల రొట్టెలు, శెనక్కాయ పొడి మూట కట్టుకొచ్చింది. మా ఊరి నుంచి ఎయిర్‌పోర్ట్‌కు బస్సులు మారి పోవడానికే సగం రోజు పట్టింది. ఫ్లైట్ మాత్రం గంట కాస్త అటూ ఇటూ.

బెల్టు పెట్టుకోమంటే మూటకు కూడా కలిపి పెట్టుకుంది.

కిందికి దిగుతున్నామని అనౌన్స్ చేయగానే నా మీదికి కోపానికొచ్చింది.

"అప్పుడే దిగల్లా? ఇంకా మూట ఇప్పనే లేదు గదా!"

లగేజీ వచ్చే చోట కుర్చీలో కూర్చుని మూట విప్పింది. నాకొక రొట్టె పెట్టి అంది, "ఇంత దగ్గరుండి, యాడనో దేశాల్లో ఉన్నట్ల ఏడుస్తాంటివా పాపా?"

ఆ రోజు నుంచి ఆమె దిగులు పోయింది. నా గురించి ఎవరడిగినా ఒకటే మాట. "ఈడే ఉంది. రొట్టె వేడి ఆరేలోగా వస్తాది."

విమానం రోజూ ఉండదని ఆమెకు తెలీదు.

నిన్న పొద్దున ఒంట్లో బాలేదని ఫోన్ వచ్చింది. ఫ్లైట్ లేని రోజు. దొరికిన బస్సెక్కాను. ఆమె మాత్రం మంచంలో నుంచే వదినతో, "పాప విమానంలో వస్తాంది, రొట్టెలు కాల్చు" అందట. వదినకు నిజం చెప్పడానికి నోరు రాలేదు.

ఆమె ఆఖరిమాట వదినే చెప్పింది.

"రొట్టెలు సల్లారిపోయినాయి. ఇంకా రాలేదేమే?"

నేను ఇల్లు చేరేసరికి ఆ రొట్టెలు గుడ్డలో చుట్టి పొయ్యి పక్కనే ఉన్నాయి. ఆమె పక్కన కూర్చుని ఒకటి తిన్నాను. 

మిగిలినవి నీ కొంగున ముడేసి పంపాను పెద్దమ్మా. నువ్వు పోయే చోటు ఎన్ని పూటల దూరమో ఇక్కడ ఎవరికీ తెలీదు.

ఆకలితో పోవద్దు. నా కోసం దారి చూడకుండా, ఈసారి నెమ్మదిగా నిద్రపో.