పులి వాక్యం పలకని భీంబాయి

కరీంనగర్‌లో పాఠాలు చెప్పుకునే దానికి మాల్టా ద్వీపం భాష ఎందుకని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. వ్యాకరణం అరబ్బీ ఎముకల మీద నిలబడి, మాటలు సగం ఇటలీ నుంచి తెచ్చుకున్న భాష అది. అందులో క్రియ మామూలుగా వాక్యం మధ్యలో ఉంటుంది. ఎవరైనా వచ్చారన్న కబురు చెప్పేటప్పుడు మాత్రం తరచుగా ముందుకు దూకుతుంది. మన గోండిలో, తెలుగులోలాగే, క్రియ చివర కూర్చుంటుంది. మరి ఇక్కడా దూకుతుందా? నా పేపరుకు ఆ ఒక్క ఉదాహరణ కావాలి. అందుకే గోండి మాట్లాడే జైనూర్‌కు బయలుదేరాను.

పొద్దున ఆరింటికి మంచిర్యాల బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్. ఇంకో బస్సులో ఆసిఫాబాద్ చేరి, ఉప్మా తిని, షేర్ ఆటోలో కెరమెరి ఘాటు కొండదారి దాటేసరికి మధ్యాహ్నమైంది. ఘాటు కింద పులి అడుగులు కనబడ్డాయని, అందుకే పొద్దుగూకితే ఆటోలు నడపడం లేదని డ్రైవరు చెప్పాడు. “జర జల్ది పని జూస్కోండ్రి మేడం,” అన్నాడు.

జైనూర్‌లో ఉండే భీంబాయి మా కాలేజీ స్నేహితురాలి పెద్దమ్మ. వెళ్ళగానే నీళ్ళిచ్చి, జొన్నరొట్టె, పప్పు పెట్టింది. తిన్నాక రికార్డరు తీసి, ‘పులి కొడుకును చంపింది’ అన్న వాక్యాన్ని గోండిలో చెప్పమన్నాను. ఎవరు ఎవరిని అన్నది తేలడానికి, అసలు సంగతికి ముందు భాషాశాస్త్రం వాళ్ళమంతా రాసుకునే వాక్యమే అది. ఆమె దారి వైపు చూసింది. అర్థం కాలేదేమోనని నేను, నా తెలివి తెల్లారినట్టే ఉంది, ఇంకోసారి గట్టిగా చెప్పాను.

“గా మాట నా నోట్లకెళ్ళి రాదు బిడ్డా,” అంది. “నా కొడుకు పొద్దుగాల పసులను తోల్కొని అడివికి పోయిండు. ఇంకా రాలే. జరగని చెడును మా ఇంట్ల నోటితోని అనం.”

సిగ్గుతో చచ్చిపోయాను. రికార్డరు ఆపి సంచిలో పడేశాను. రోజూ ఈపాటికి అన్నానికి వచ్చేస్తాడట. ఆమె దారి వైపు చూస్తూ కంది గింజలు చెరుగుతుంటే పక్కన కూర్చున్నాను. నాకూ భయమేసింది. చివరి ఆటో హారన్ కొట్టి వెళ్ళిపోయింది, నేను లేవలేదు.

చీకటి పడబోతుండగా ముందు మెడగంటలు వినబడ్డాయి, తర్వాత పశువులు, వాటి వెనక మనిషి. భీంబాయి చేట కింద పెట్టి లేచింది.

“వాతోర్,” అంది గోండిలో. వచ్చాడు. ఆ తర్వాతే కొడుకు పేరు.

క్రియ ముందు, మనిషి తర్వాత: నేను అడగడానికి వచ్చిన వాక్యం అదే. మళ్ళీ ఒకసారి చెప్పమని అడగబుద్ధి కాలేదు. ఆ రాత్రి అక్కడే ఉండి పొద్దున తిరిగొచ్చాను. రికార్డు లేనిది సాక్ష్యం కాదు కాబట్టి నా పేపరులో ఆ చోటు ఖాళీగానే ఉంది. మాల్టాలో వాళ్ళు క్రియను ఎందుకు ముందుకు తెస్తారో పుస్తకాలు చాలా కారణాలు చెబుతాయి. నేనైతే భీంబాయి లేచి నిలబడటం చూశాను, నాకది చాలు.

మీరూ ఇటు వస్తే చివరి ఆటో ఎప్పుడో దిగగానే కనుక్కోండి. ఎవరిచేతనైనా వాక్యాలు పలికించాలనుకుంటే, అందరూ క్షేమంగా ఇల్లు చేరే వాక్యాలే రాసుకెళ్ళండి.